తెరకు అవతలి మనిషి

ప్రేమకు ఉర్దూలో ఉన్నన్ని మాటలు మరో భాషలో ఉండవని మేం గొప్పగా చెప్పుకుంటాం. ఇష్క్, ముహబ్బత్, ఉల్ఫత్, చాహత్, ఉన్స్. ముషాయిరాలో షాయర్ ఎవరన్నా వీటిలో ఒక మాటను సాగదీసి పలికితే ముందు వరసలో కూర్చున్న తెల్లగడ్డాల పెద్దలు కూడా చెయ్యెత్తి వాహ్వా అంటారు. అదే మాట ఇంట్లో ఇరవై రెండేళ్ళ పిల్ల నోటి నుంచి వచ్చిందో, దస్తర్‌ఖాన్ మీద అన్నం అన్నం లాగే ఉండిపోతుంది. పిల్ల చేతిలో ఫోను లాక్కుంటారు. నెల తిరక్కుండా మేనమామ కొడుకుతోనో పెద్దనాన్న కొడుకుతోనో బాత్ పక్కీ అయిపోతుంది. గజల్‌లో ఇష్క్ ఇబాదత్, ఇంట్లో ఇష్క్ బద్‌నామీ. ఈ రెండు నాలుకల మధ్య పెరిగిన పిల్లలం మేం.

ఇలాంటి ఇళ్ళలోకే ఇంటర్నెట్ వచ్చింది. 1995 ఆగస్టు 15న మన దేశంలో మామూలు జనానికి దాన్ని ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అది మా గల్లీల దాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ముందు గంటకింత అని తీసుకునే నెట్ సెంటర్లు, ప్లైవుడ్ చెక్కల అరలు వచ్చాయి. 2004లో ఆర్కుట్ వచ్చి 2014లో మూతపడింది. ఆ తర్వాత ఫేస్‌బుక్, వాట్సాప్. 2016లో జియో వచ్చి డేటా చవకైపోయాక, మగ్గం పని చేసుకునే పిల్ల చేతిలోకీ బీడీలు చుట్టే ఇంట్లోకీ అదే తెర వచ్చింది. ఇంట్లోంచి కాలు బయట పెట్టనివ్వని ఆడపిల్ల ఇప్పుడు కాలు బయట పెట్టకుండానే ఒక మనిషిని కలుసుకుంటోంది. మాట్లాడుతోంది, అలుగుతోంది, ఏడుస్తోంది, పెళ్ళి దాకా వస్తోంది.

పెద్దలు దీన్ని చూసి రెండు మాటలంటున్నారు. ఒకటి, చూడని మనిషిని ప్రేమించడం పిచ్చి అని. రెండోది, ఇదంతా ఫరంగీల నుంచి వచ్చిన రోగమని. ఈ రెండు మాటల్నీ కాస్త ఆగి పరిశీలించాలని మా ఉద్దేశం. ఎందుకంటే ఈ విషయంలో పిల్లలు నిజంగానే మోసపోతున్నారు, నిజంగానే చచ్చిపోతున్నారు. కోప్పడితే ఆగేది కాదిది. అర్థం చేసుకోవాల్సింది.

చూడకుండా ప్రేమించడం కొత్తదేమీ కాదు. తెలుగు బళ్ళో చదువుకున్న మాకు అది వాచకంలోనే తెలుసు. రుక్మిణి కృష్ణుణ్ణి చూసి ప్రేమించలేదు, ఆయన గురించి విని ప్రేమించింది. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత కబురు పంపించి, వచ్చి తీసుకుపొమ్మంది. దమయంతి ఒక హంస మాట నమ్మి నలుణ్ణి వరించింది. ఇటు గజల్‌కొస్తే నామాబర్ లేకుండా, ఖత్ లేకుండా సగం ఉర్దూ కవిత్వమే లేదు. ఇక దీన్ సంగతి. ముహమ్మద్ ప్రవక్త (స) ఉమ్మె హబీబాను నికా చేసుకున్నప్పుడు ఆమె సముద్రానికి అవతల హబషాలో ఉంది. ఆయన మదీనాలో ఉన్నారు. హబషా రాజు నజ్జాషీ ప్రవక్త తరఫున నిలబడి నికా జరిపించాడని, మెహర్ కూడా తానే ఇచ్చాడని మా చరిత్రకారులు రాశారు. దూరం నికాకు అడ్డం కాలేదు.

మరీ దగ్గరి సంగతి చెప్పుకుందాం. 1970లలో కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి మా మగవాళ్ళు గల్ఫ్ దారి పట్టారు. నికా అయిన నెలకే విమానం ఎక్కిన వాళ్ళున్నారు. ఆ రోజుల్లో చదువు రాని భార్య ఉత్తరం రాయలేక క్యాసెట్ నింపి పంపేది. ఆ క్యాసెట్ ఏ దమ్మామ్‌కో వెళ్ళే మనిషి పెట్టెలో చేరేది. అవతల భర్త పదిమంది పడుకునే గదిలో దుప్పటి కప్పుకుని దాన్ని వినేవాడు. రెండేళ్ళకో రెండు నెలలు కలిసి ఉండి, ముప్ఫై ఏళ్ళు క్యాసెట్ల మీదా ఎస్టీడీ బూతుల మీదా సంసారం చేసిన దంపతులు మా బంధువుల్లోనే ఉన్నారు. వాళ్ళది సంసారం కాదని ఎవరన్నా అనగలరా? గొంతు మీద బతికిన ఆ బంధాలను గౌరవించే మనం, గొంతుతో మొదలైన బంధాన్ని మాత్రం వట్టి గాలి మాట అనడం న్యాయంగా లేదు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. మా ఇళ్ళలో పద్ధతి ప్రకారం కుదిరే రిష్తాల్లో ఒకరికొకరు ఎంత తెలుసు? ఉర్దూ పత్రికల్లో ‘జరూరత్-ఎ-రిష్తా’ ప్రకటనలు తీసి చూడండి. సున్నీ, సయ్యద్, గోరీ, ఖుబూల్ సూరత్, సోమ్-ఓ-సలాత్ పాబంద్, సౌదీలో కొలువు. పది ప్రకటనల్లో పేర్లు తారుమారు చేస్తే ఎవరూ గుర్తుపట్టలేరు. మష్షాతా తెచ్చే ఫోటో, పెద్దల మధ్య లేన్‌దేన్ మాటలు, జోడే కీ రఖమ్ బేరం. పెళ్ళికొడుకు మొహం ఆర్సీ ముస్‌హఫ్ అద్దంలో మొదటిసారి చూసుకున్న మా అమ్మల తరం ఇంకా బతికే ఉంది. పెళ్ళి చేసుకోబోయే అమ్మాయిని చూసి రమ్మని ముగీరా అనే సహచరుడికి ప్రవక్త చెప్పారని హదీసు ఉంది. ఆ హదీసును మా పెద్దలు అబ్బాయి దాకా తీసుకొచ్చి ఆపేశారు, అమ్మాయి దాకా రానివ్వలేదు. కాబట్టి తెలియని మనిషితో ముడిపడటం ఇంటర్నెట్ తెచ్చిన రోగమంటే మేం ఒప్పుకోం. మా ఇళ్ళలో అది ఆనవాయితీ.

అయితే కొత్తదేదీ లేదనీ మేం అనడం లేదు. కొత్తది ఇది. హంస నలుడి గురించి చెప్పింది, నలుడు తన గురించి తాను చెప్పుకోలేదు. మష్షాతా అబద్ధాలాడినా, మూడో మనిషి ఒకరంటూ మధ్యలో ఉండేది. రేపు తేడా వస్తే వెళ్ళి తలుపు తట్టడానికి ఆమె గుమ్మం ఒకటుండేది. తెర మీద మనిషి తనకు తానే మష్షాతా. తన ఫోటో తానే ఎంచుకుంటాడు. రాత్రి పన్నెండింటికి తీరిగ్గా, మర్యాదగా, కవిత్వంతో మాట్లాడతాడు. పొద్దున ఆరింటికి నీళ్ళు రాకపోతే తల్లి మీద ఎలా అరుస్తాడో తెర చూపించదు.

మధ్య మనిషి ఉంటే చాలు, మోసం ఉండదనుకునే వాళ్ళకు పాతబస్తీ చరిత్ర గుర్తుచేయాలి. 1991లో హైదరాబాదు నుంచి ఒక ముసలి అరబ్బు షేక్ పదేళ్ళ పిల్లను పెళ్ళాడి విమానంలో తీసుకుపోతుంటే, పిల్ల ఏడుపు చూసి ఒక ఎయిర్‌హోస్టెస్ పట్టించింది. దేశమంతా గగ్గోలైంది. ఆ పెళ్ళికి పెద్దలున్నారు, సాక్షులున్నారు. అలాంటి పెళ్ళిళ్ళన్నిటికీ దలాళ్ళున్నారు, ఖాజీలున్నారు, ముద్ర పడిన కాగితాలున్నాయి. లేనిదల్లా పిల్ల ఇష్టం. అందరూ ఉండి ఆ ఒక్కటీ లేని పెళ్ళికీ, ఆ ఒక్కటే ఉండి ఎవరూ లేని ప్రేమకీ మధ్య ఏది ఎక్కువ ప్రమాదమో త్రాసులో వేసి చెప్పడం తేలిక కాదు. రెండూ కుంటివే.

మరి మనిషిని తెలుసుకోవడమంటే ఏమిటి? ఈ ప్రశ్నకు మా దగ్గర రెండు పాత జవాబులున్నాయి. ఒకటి మసీదు వైపు నుంచి వచ్చింది, ఇంకొకటి బడి వైపు నుంచి.

ఖలీఫా ఉమర్ (ర) గురించి ఒక సంగతి చెబుతారు. ఒకాయన మరొకతని గురించి ‘మంచివాడు, నాకు తెలుసు’ అని సాక్ష్యం చెప్పబోయాడు. ఉమర్ మూడు ప్రశ్నలడిగారు. నువ్వు అతని పొరుగింట్లో ఉన్నావా? అతనితో ప్రయాణం చేశావా? దీనార్ల, దిర్హముల లావాదేవీ ఏమన్నా పెట్టుకున్నావా? మూడింటికీ లేదన్నాడు. అయితే అతన్ని మసీదులో నమాజు చేస్తుంటే చూసి ఉంటావు, నీకతను తెలియదు పొమ్మన్నారట ఉమర్.

ఇందులో ఉన్న వివేకం చూడండి. మనిషి తనను తాను చూపించుకునే చోట దొరకడు. చూపించుకోవడం మరిచిపోయిన చోట దొరుకుతాడు. ప్రయాణంలో అలసట వస్తుంది, డబ్బు దగ్గర ఆశ వస్తుంది, పొరుగింట్లో గోడ పల్చగా ఉంటుంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ప్రొఫైల్ కూడా మసీదు మొదటి వరస లాంటిదే. అక్కడ అందరూ వుజూ చేసుకునే వస్తారు.

రెండోది దమయంతి స్వయంవరం. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి రూపం వేసుకుని వరసలో కూర్చున్నారు. నకిలీ మొహాలు నాలుగు, అసలు మొహం ఒకటి. దమయంతి ఎలా పోల్చుకుందో భారతం చెబుతుంది. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో పూలు వాడవు, కాళ్ళు నేల మీద ఆనవు. నలుడికి చెమట ఉంది, దుమ్ము ఉంది, నీడ ఉంది, వాడిన పూలదండ ఉంది. ఆమె లోపం లేని నలుగుర్నీ వదిలి, లోపాలున్న ఒక్కణ్ణి ఎంచుకుంది. తెర అవతలి మనిషిని పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి సూత్రం ఎవరన్నా చెప్పగలరేమో మాకు తెలియదు. నెలల తరబడి మాట్లాడినా చెమట పట్టని మనిషి, ఎప్పుడూ కోపం రాని, ఎప్పుడూ తప్పు లేని, అడిగిన ప్రతిదానికీ అందమైన జవాబు ఉన్న మనిషి మనిషి కాకపోవచ్చు. పైకం అడిగే మనిషి, తొందరపెట్టే మనిషి, నలుగురి మధ్య కలవడానికి ఎప్పుడూ ఏదో అడ్డం చెప్పే మనిషి, ఒంటి ఫోటోలు అడిగే మనిషి దేవత వేషం వేసుకున్న దొంగ. అతనికి ఐటీ చట్టంలో 66డి సెక్షను ఉంది, 1930 నంబరుకు ఫిర్యాదు చేసే వీలుంది. కానీ ఆ నంబరుకు ఫోన్ చేయాలంటే ముందు ఇంట్లో చెప్పుకోగలగాలి. మా పిల్లలు ఆగిపోయేది ఆ గడప దగ్గరే.

ఇక్కడిదాకా చెప్పినదంతా ఎవరికైనా వర్తిస్తుంది. ఇక మాకే ప్రత్యేకమైన సంగతికి వస్తాం. అది పేరు.

ఈ దేశంలో ముస్లిం మనిషికి ముందు పేరు వెళుతుంది, వెనక మనిషి వెళతాడు. అద్దె ఇల్లు అడిగినప్పుడు పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న ఇల్లు, చెప్పగానే ‘పొద్దునే ఇచ్చేశామండీ’ అయిపోతుంది. ఇలాంటి పేరుతో తిరిగిన పిల్లవాడికి ఇంటర్నెట్ మొదటిసారి ఒక వెసులుబాటు ఇచ్చింది. పేరు లేకుండా మాట్లాడే వెసులుబాటు. సినిమా గురించి, క్రికెట్ గురించి, ఫిజిక్స్ లెక్కల గురించి మాట్లాడినప్పుడు అవతలి వాళ్ళు అతని మాటకే జవాబిచ్చారు, పేరుకు కాదు. ఆ ఊపిరి ఎంత తియ్యగా ఉంటుందో పేరు వల్ల ఎన్నడూ ఇబ్బంది పడని వాళ్ళకు అర్థం కాదు. కొందరు ‘సమీర్’ లాంటి పేరు పెట్టుకుంటారు. రెండు వైపులా చెల్లే పేరది. సంస్కృతంలో గాలి. అరబ్బీలో రాత్రిపూట కబుర్లు చెప్పుకునే తోడు.

ఈ దాపరికం తప్పా? మేం తప్పనం. గుంపు ముందు తన పేరు చెప్పి తీరాలని ఏ మనిషి మీదా రుణం లేదు. రాళ్ళు పట్టుకుని నిలబడిన వీధిలోంచి తల దించుకుని నడిచేవాణ్ణి అబద్ధీకుడనలేం. ఆడపిల్లల సంగతీ అంతే. రోజూ వందమంది వచ్చి వెకిలి మాటలు రాసే చోట ఏ పువ్వు పేరో పెట్టుకుని కూర్చునే పిల్ల ఎవర్నీ మోసం చేయడం లేదు. తనను కాపాడుకుంటోంది.

కానీ గుంపు వేరు, ఒక మనిషి వేరు. ఆ గుంపులోంచి ఒక మనిషి విడివడి దగ్గరికొచ్చి, తన జీవితం గురించి ఒక నిర్ణయం తీసుకోబోతున్నప్పుడు, ఆ నిర్ణయానికి అవసరమైన నిజం ఆమెకు చెందుతుంది. అది ఇక అతని సొత్తు కాదు. ‘నిజంగా ప్రేమించినప్పుడు పేరుతో పనేముంది’ అని మా కుర్రాళ్ళు కొందరంటారు. మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ నేల మీద ఒక పేరును ప్రేమించినందుకు ఆమె ఏమేం చెల్లించాలో చూడండి. పుట్టింటి గుమ్మం మూసుకుపోవచ్చు. అక్కకు సంబంధాలు రాకపోవచ్చు. రేపు పిల్లలకు బడిలో ఏ పేరు రాయాలి, చచ్చిపోతే ఎక్కడ పడుకోవాలి అన్నది కూడా ఆ పేరు మీదే ఉంటుంది. ధర చెల్లించే మనిషికి ధర తెలియాలి కదా. ముస్లిం పేరు నేరం కాబట్టి చెప్పమనడం లేదు మేం. బరువు మోసేది ఆమె కాబట్టి చెప్పమంటున్నాం.

ఇంకో సంగతి కూడా ఉంది. పేరు దాచి ప్రేమ పొందినవాడు నిజానికి ఏమీ పొందలేదు. ఆమె ప్రేమించింది అతనిలోంచి అతన్ని తీసేసిన మిగులును. ప్రతి రాత్రీ అతను ఆమె ప్రేమను వింటూ, ‘పేరు తెలిస్తే ఈమె ఉంటుందా’ అని లోపల వణుకుతూ ఉండాలి. అద్దె ఇంటి యజమాని ముందు తల దించుకున్నా పర్లేదు గానీ, ప్రేమించిన మనిషి ముందు కూడా అమ్మ పెట్టిన పేరును బూతు మాటలా మింగాల్సివస్తే, ఆ బతుకులో మనిషికి ఇక ఇల్లెక్కడ? కాబట్టి మేం మా కుర్రాళ్ళతో చెప్పేది, పేరు చెప్పండి. మనసు ముడిపడక ముందే చెప్పండి. చెప్పాక వెళ్ళిపోతే వెళ్ళిపోనివ్వండి. ఉంటే అప్పుడు ఉన్నది మీ కోసమే.

ఇదే మాటను ప్రభుత్వం నోటి నుంచి విన్నప్పుడు మాత్రం మాకు వెన్ను జలదరిస్తుంది. 2020 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో మతమార్పిడి మీద ఆర్డినెన్సు వచ్చింది. చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షనులో, గుర్తింపు దాచి పెళ్ళి చేసుకోవడాన్ని కూడా మోసపు పద్ధతుల్లో చేర్చారు. అలా మోసంతో లైంగిక సంబంధం పెట్టుకున్నవాడికి పదేళ్ళ దాకా శిక్ష. సెక్షను మాటల్లో మతం పేరు లేదు. పెళ్ళయిన సంగతి దాచిన ఇంజనీరుకూ, కులం దాచినవాడికీ అదే సెక్షను వర్తించాలి. కానీ ‘లవ్ జిహాద్’ అనే మాట టీవీల్లో మోగుతున్న దేశంలో గుర్తింపు దాచడం అనగానే ఎవరి మొహం గుర్తుకు తెస్తున్నారో మాకు తెలుసు. మోసం చేసిన మనిషిని శిక్షించండి, అడ్డం రాం. అయితే పేరు చెప్పి, ముఖం చూపించి ప్రేమించిన వాళ్ళను మీరు బతకనిస్తున్నారా? నిజం చెప్పిన వాడికీ లాఠీ దెబ్బ తప్పనప్పుడు నిజం చెప్పమని నీతి బోధించే అర్హత ఎవరికుంటుంది?

పేరు తర్వాత ఫోటో. ఇంటర్నెట్ పరిచయాల్లో ఫోటో ఇవ్వని ఆడపిల్ల మీద అనుమానం తేలిగ్గా వస్తుంది. ముస్లిం ఆడపిల్ల ఫోటో ఇస్తే ఏమవుతుందో 2021 జూలైలో చూశాం. ‘సుల్లీ డీల్స్’ అని ఒక యాప్ తయారుచేసి, ముస్లిం స్త్రీల ఫోటోలు వాళ్ళకు తెలియకుండా తీసుకుని వేలం పెట్టారు. 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ పేరుతో మళ్ళీ పెట్టారు. పాత్రికేయులు, ఉద్యమాల్లో పనిచేసే వాళ్ళు, చదువుకునే పిల్లలు అందులో ఉన్నారు. అరెస్టయిన వాళ్ళలో కాలేజీ చదువుల వయసు కుర్రాళ్ళున్నారు. ఆ దెబ్బ తర్వాత మా పిల్లలు ఎంతమంది డీపీల్లోంచి మొహాలు తీసేసి గులాబీ పూలు పెట్టుకున్నారో చూశాం. వేలం వేసిన వాళ్ళను వదిలి, ‘ఫోటో పెట్టమని నీకెవరు చెప్పారు’ అని పిల్లల్నే తిట్టిన అన్నలు, తండ్రులు మా ఇళ్ళలోనే ఉన్నారు. చూపులు దించుకోమని ఖురాన్ నూర్ సూరాలో ముందు మగవాళ్ళకు చెప్పింది, ఆ తర్వాతే ఆడవాళ్ళకు. ఆ వరస మా మిత్రులు ఎప్పుడూ తిరగేసే చదువుతారు. కాబట్టి ఫోటో ఇవ్వకపోవడం మోసం కాదు. ఎప్పుడు, ఎవరికి, ఎంత మేరకు కనిపించాలో నిర్ణయించుకోవడం ఆమె హక్కు. ఆ హక్కును మన్నించి ఓపిక పట్టలేనివాడు రేపు ఆమె ఇంకే హక్కునూ మన్నించడు.

ఇక చివరి ప్రశ్న. ఈ బంధాలు సరైనవా కావా అని ఎవరు తేల్చాలి?

కేరళలో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి తన ఇష్టంతో ఇస్లాం తీసుకుంది. ఒక ముస్లిం పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్ ద్వారా పరిచయమైన యువకుణ్ణి 2016 డిసెంబరులో నికా చేసుకుంది. 2017 మే నెలలో అక్కడి హైకోర్టు ఆ పెళ్ళి చెల్లదని కొట్టేసి ఆమెను తల్లిదండ్రుల ఇంటికి పంపింది. ఇద్దరు పెద్ద మనుషుల పెళ్ళి మీద జాతీయ దర్యాప్తు సంస్థ దర్యాప్తు కూడా జరిగింది. చివరికి 2018 మార్చి 8న సుప్రీంకోర్టు ఆ పెళ్ళిని నిలబెట్టింది. చదువుకున్న, మేజరైన ఆడమనిషి ‘ఇతను నా ఇష్టం’ అన్న మాటను నమ్మడానికి ఈ దేశానికి అన్ని నెలలు పట్టింది.

ఆ తీర్పు వచ్చిననాడు మేం సంతోషించాం. అయితే అదే మాట మా ఇంట్లోంచి వస్తే ఏమవుతుంది? 2022 మే 4న హైదరాబాదు సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద ఒక దళిత యువకుణ్ణి కొట్టి, పొడిచి చంపారు. మా పిల్లను ప్రేమించి పెళ్ళి చేసుకోవడమే అతని నేరం. అరెస్టయింది ఆమె అన్న, మరో బంధువు. వాళ్ళ పరిచయం ఇంటర్నెట్‌లోది కాదు, చదువుకునే రోజులది. ఏళ్ళ తరబడి ఒకరికొకరు తెలిసిన వాళ్ళు. చూడకుండా, తెలియకుండా ప్రేమించారనే అభ్యంతరం అక్కడ లేదు. అంటే అభ్యంతరం ఎప్పుడూ తెర మీద కాదన్నమాట. పిల్ల తనంతట తాను ఎంచుకోవడం మీద. కేరళ అమ్మాయి మాటను నమ్మని చేతులూ, సరూర్‌నగర్‌లో కత్తి పట్టిన చేతులూ వేర్వేరు మతాలవి కావచ్చు, పట్టుకున్న తాళం ఒకటే. ఒకదాన్ని ఖండించి రెండోదాని దగ్గర నోరు మూసుకుంటే మా మైనారిటీ న్యాయం వట్టి వకాల్తా అవుతుంది.

ఇజ్జత్ పేరుతో ఈ పనులు చేసేవాళ్ళు దీన్ పేరు ఎత్తకుండా ఉంటే మంచిది. ఖన్సా బిన్త్ ఖిదామ్ అనే స్త్రీకి తండ్రి ఆమె ఇష్టం లేకుండా పెళ్ళి చేశాడు. ఆమె ప్రవక్త దగ్గరికొచ్చి చెప్పుకుంది. ఆయన ఆ పెళ్ళిని రద్దు చేశారు. ఇది బుఖారీలో ఉంది. ఖదీజా (ర) తానే నఫీసా ద్వారా కబురు పంపించి ప్రవక్త మనసు తెలుసుకుంది. మేం పాటించే హనఫీ ఫిఖ్‌హ్‌లో యుక్తవయసు వచ్చిన స్త్రీ మాటకు సొంత బరువు ఉంది. ఇవన్నీ జుమా ఖుత్బాల్లో ఎందుకు వినపడవో మౌల్వీ సాహెబులే చెప్పాలి.

ఇంతా చెప్పి మేం పిల్లల పక్షానే పూర్తిగా నిలబడ్డామా అంటే, ఒక్క చోట నిలబడలేం. అది సాక్షుల సంగతి. 1990లో జెద్దాలో కూడిన ఫిఖ్‌హ్ పండితులు టెలిఫోను, టెలెక్సు లాంటి సాధనాలతో వ్యాపార ఒప్పందాలు చేసుకోవచ్చునన్నారు గానీ, నికాను దాంట్లోంచి మినహాయించారు. నికాకు సాక్షులు కావాలి కాబట్టి. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వీడియోలో నికాలు జరిగితే ఆ చర్చ మళ్ళీ లేచింది. పండితుల వాదాలు పండితులు చూసుకుంటారు. మాకు అందులో కనిపించే నీతి వేరు. ప్రేమకు సాక్షులు అక్కర్లేదు, బంధానికి కావాలి. ఇద్దరి మధ్య మాటలు గోప్యంగా ఉండొచ్చు, అది వాళ్ళ పరదా. కానీ ఆ బంధం ఉందన్న సంగతే ఈ భూమ్మీద మూడో మనిషికి తెలియకపోతే, బలవంతుడు ఏం చేసినా అడిగేవాడుండడు. గోప్యం మనిషిని కాపాడుతుంది, రహస్యం మోసగాణ్ణి కాపాడుతుంది. తెర మీద మొదలైన ప్రేమ ఎన్నాళ్ళైనా తెర మీదే ఉండిపోతుంటే, ఒక స్నేహితురాలికైనా, ఒక ఆపాకైనా, పిన్నికైనా చెప్పుకునే స్థితికి రాకపోతే, దాని గురించి దిగులుపడాల్సిందే. ఉమర్ అడిగిన ప్రయాణం, పొరుగు, పైకం మూడూ నలుగురి మధ్యే జరుగుతాయి. నలుడి చెమట దమయంతికి సభలోనే కనిపించింది.

అయితే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? ఇక్కడ మాట మళ్ళీ పెద్దల వైపే తిరుగుతుంది. చెబితే ఫోను పోతుందని, చదువు పోతుందని, కొన్ని ఇళ్ళలో ప్రాణమే పోతుందని తెలిసిన పిల్ల ఎవరికీ చెప్పదు. చెప్పకపోవడం వల్లే మోసగాడి చేతికి చిక్కుతుంది. చిక్కాక ఫోటోలు బయటపెడతానని బెదిరిస్తే, ఆ సంగతి ఇంట్లో చెప్పడం కంటే చావడం నయమనుకుంటుంది. మోసగాడికి పెట్టుబడి అతని తెలివి కాదు, మన ఇళ్ళలోని భయం. ఆ భయాన్ని రోజూ పోషిస్తున్నది ఎవరు?

ఫోన్లు వెతకడం, మెసేజీలు చదవడం దీనికి మందు కాదు. ఒకరి గుట్టు ఒకరు వెతకొద్దని ఖురాన్ హుజురాత్ సూరాలో స్పష్టంగా చెప్పింది. ఆ మాట తండ్రులకు వర్తించదని ఎక్కడా లేదు. పిల్ల తనంతట తాను వచ్చి ‘అబ్బా, ఒకతనున్నాడు’ అని చెప్పగల ఇల్లు కావాలి. అతను ఎవరు, ఏ పేరు, ఏ ఊరు, ఏం చేస్తాడు అని తండ్రి కోపం లేకుండా అడగగలగాలి. వెళ్ళి చూసి రాగలగాలి. చూశాక నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో కారణం చెప్పగలగాలి, ఆ తర్వాత కూడా పిల్ల ‘నాకు నచ్చాడు’ అంటే, ఆమె మాటకు బరువుందని ఒప్పుకోగలగాలి. మూడోసారి ఖుబూల్ హై అనిపించుకునే ముందు ఆమె మనసును ఒక్కసారన్నా అడగడం అది.